దారి తెలిసిన మహనీయుడు – బసవేశ్వరుల పుణ్యచరిత్ర



మానవజన్మ దుర్లభమని మన పెద్దలు తరతరాలుగా చెబుతూ వస్తున్నారు. ఆ జన్మ దేనికోసం లభించిందో గ్రహించగలగడం అంతకంటె దుర్లభం. గ్రహించిన పిమ్మట తానొక్కడే తరించాలని కోరుకోక, నలుగురినీ వెంట నడిపించగలగడం మహాపురుషులకు మాత్రమే సాధ్యం. ఆలయ జీర్ణోద్ధరణ పూర్తయి, పునఃప్రతిష్ఠా మహోత్సవం జరుగుతున్న ఈ శుభసమయంలో అటువంటి ఒక మహాపురుషుని జీవితాన్ని మీతో కలసి స్మరించుకోవాలన్నదే ఈ వ్యాసం సంకల్పం. ఆ మహనీయులే బసవేశ్వరులు.

మీలో కొందరికి ఇక్కడే ఒక సందేహం కలగవచ్చు. మానవ దేహమే దేవాలయమని బోధించిన బసవేశ్వరుల కథకు ఆలయ ప్రతిష్ఠా సంచికలో చోటు ఏమిటని మీరు అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానం ఆయన జీవితంలోనే ఉన్నది. చివరి దాకా ఓపికగా చదవవలసిందిగా ప్రార్థన.

మన సీమకు ఆత్మీయుడు

మనూర్ వాసులకు బసవేశ్వరులు పరాయివారు కారు. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా మన నారాయణఖేడ్ తాలూకా బీదరు జిల్లాలో భాగంగా ఉండేది. ఆ సంవత్సరంలో అది మెదక్ జిల్లాలో చేరింది. 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. బసవేశ్వరుల కార్యక్షేత్రమైన కళ్యాణ పట్టణం, అనగా నేటి బసవకళ్యాణం, ఆ బీదరు జిల్లాలోనిదే. బీదరు సీమను తడిపి వచ్చిన మంజీర నీరే మన పొలిమేరలకూ చేరుతుంది. జిల్లాల గీతలు మారినా మన సంతలలో తెలుగు, కన్నడం, మరాఠీ కలసి వినిపించడం మారలేదు. కాడి మోసే ఎద్దును రైతు నేటికీ బసవన్న అనే పిలుస్తాడు. ఆ పిలుపులో నందీశ్వరుడూ ఉన్నాడు, ఆ నందీశ్వరుని అవతారంగా భక్తులు కొలిచే బసవేశ్వరులూ ఉన్నారు.

బాల్యంలోనే కలిగిన ప్రశ్న

బసవేశ్వరులు పన్నెండవ శతాబ్దపు పూర్వార్ధంలో, నేటి కర్ణాటకలోని విజయపుర జిల్లా బాగేవాడి గ్రామంలో జన్మించారు. అది 1131 ప్రాంతమని పలువురు పండితుల అభిప్రాయం. తల్లి మాదలాంబిక, తండ్రి మాదరసు. శివభక్తిగల బ్రాహ్మణ కుటుంబం. తండ్రి ఆ అగ్రహారానికి పెద్ద. కలిమికీ గౌరవానికీ లోటులేని ఇల్లు. ఆ ఇంటి బిడ్డకు జీవితం ఎలా సాగుతుందో అందరికీ ముందుగానే తెలుసు. ఉపనయనం, వేదాధ్యయనం, తండ్రి తరువాత పెద్దరికం. దారి చక్కగా పరచి ఉన్నది. నడవడమే తరువాయి.

ఆ బాలుడు నడవలేదు. ఎనిమిదేళ్ళ ప్రాయంలో ఉపనయనానికి ఏర్పాట్లు జరుగుతుండగా, తనకంటె పెద్దదైన అక్క నాగలాంబికకు ఆ సంస్కారం ఎందుకు లేదని అడిగాడని సంప్రదాయ కథనం. ఆడపిల్లకు అధికారం లేదన్న సమాధానం ఆయన మనసుకు ఎక్కలేదు. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరిలో ఒకరికి ఉన్న అధికారం మరొకరికి లేకపోతే అది భగవంతుడు చేసిన ఏర్పాటు కాజాలదని తోచింది. జంధ్యం వద్దని ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు.

పాఠకులారా, ఒక్క క్షణం ఆలోచించండి. తనకు దక్కుతున్న గౌరవాన్ని, పక్కవారికి దక్కలేదన్న కారణంగా వదులుకోవడం ఎంత కష్టమైన పని! బసవేశ్వరుల జీవితమంతా ఈ ఒక్క అడుగుకు వ్యాఖ్యానమే.

కూడలసంగమంలో సాధన

ఇల్లు విడిచిన బసవన్నకు ఆశ్రయమిచ్చినది ఒక దేవాలయమే. కృష్ణా, మలప్రభా నదులు కలిసే కూడలసంగమ క్షేత్రంలో సంగమేశ్వరస్వామి సన్నిధిలో, జాతవేదముని శిష్యరికంలో ఆయన ఏళ్ళ తరబడి గడిపారు. పూలు కోసి తెచ్చారు, అభిషేకానికి నీళ్ళు మోశారు, శాస్త్రాలు చదివారు. అక్క నాగలాంబిక అండగా నిలిచింది. తరువాతి కాలంలో ఆయన చెప్పిన వచనాలన్నీ ఆ సంగమేశ్వరుని పేరుతోనే ముగుస్తాయి. ఎక్కడ ఉన్నా, ఎంత పదవిలో ఉన్నా, ఆ స్వామి పేరే ఆయన ముద్ర.

ఆ ప్రశాంత జీవితంలోనే ఆయన శాశ్వతంగా ఉండిపోదలచారు. అయితే మంగళవాడకు వెళ్ళి జనుల మధ్య జీవించవలసిందిగా స్వామి ఆదేశం కలిగిందని ప్రాచీన కవులు వర్ణించారు. మొదట ఆ ఆదేశం ఆయనకు దుఃఖాన్నే కలిగించినదట. స్వామి సన్నిధి విడిచి రాజుల కొలువుకు వెళ్ళడమంటే శిక్షలా తోచింది. చివరకు శిరసావహించారు. ఆలయంలో పొందినది ఆలయం వెలుపల పంచడానికేనని ఆయనకు అర్థమైన ఘడియ అది. జీవితలక్ష్యం అనే మాటకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ అరుదు. తనకు ఇష్టమైన చోటును విడిచి, తన అవసరం ఉన్న చోటుకు వెళ్ళడమే అది.

భాండారానికి కాపు

నేటి మహారాష్ట్రలోని సోలాపూర్ జిల్లాలో ఉన్న మంగళవాడ అప్పట్లో కలచురి బిజ్జలుని కేంద్రం. బసవన్న అక్కడ లెక్కలు వ్రాసే చిన్న ఉద్యోగంలో చేరారు. బిజ్జలుడు మొదట కళ్యాణి చాళుక్యులకు సామంతుడు. 1157 ప్రాంతంలో చాళుక్యుల బలహీనతను ఆసరా చేసుకొని కళ్యాణ పట్టణంలో అధికారాన్ని హస్తగతం చేసుకున్నాడు. అప్పటికి బసవన్న తన నేర్పుతోను, నిజాయితీతోను అంచెలంచెలుగా ఎదిగారు. కళ్యాణంలో రాజభాండారానికి అధిపతి అయ్యారు. గంగాంబిక, నీలాంబిక ఆయన ధర్మపత్నులు.

దాతలైన మీరు ప్రత్యేకంగా గమనించవలసిన ఘట్టం ఇక్కడ వస్తుంది. బసవన్న ఇంట నిత్యం వేలాది శరణులకు, జంగమదేవరలకు అన్నదానం జరిగేది. అది చూచి ఓర్వలేనివారు, ఈ ఖర్చంతా రాజు ధనంతోనే సాగుతున్నదని బిజ్జలునికి చాడీలు చెప్పారు. రాజు భాండారం తెరిపించి లెక్క చూపమన్నాడు. బసవన్న కోపగించుకోలేదు, అవమానమని బాధపడలేదు. పెట్టెలు తెరిపించి ఎదుటనే లెక్క పెట్టించారు. ఒక్క నాణెం తక్కువ కాలేదు. ఈ ఘట్టాన్ని మన పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో శివుని మహిమగా వర్ణించాడు. మహిమను భక్తితో స్వీకరిద్దాం. దానితోపాటు ఆ మహిమలోని నీతినీ గ్రహిద్దాం. ధర్మకార్యం చేసేవాని లెక్క ఎప్పుడు అడిగినా చూపగలిగేలా ఉండాలి. అడిగినవాడు అసూయాపరుడైనా సరే.

అనుభవ మంటపం

కళ్యాణంలో బసవేశ్వరులు నెలకొల్పిన అనుభవ మంటపం ఆయన కీర్తికి శిఖరం. అది భక్తులు కూర్చొని తమ అనుభవాలను పంచుకొనే సభ. దాని గొప్పతనం అక్కడ చేరినవారిలోనే ఉన్నది. బట్టలుతికే మడివాళ మాచయ్య, పడవ నడిపే అంబిగర చౌడయ్య, బుట్టలల్లే మేదర కేతయ్య, తోళ్ళు శుద్ధి చేసే డోహర కక్కయ్య, చెప్పులు కుట్టే హరళయ్య, త్రాళ్ళు పేనే నులియ చందయ్య – వీరందరూ అక్కడ సభ్యులే. వారి పక్కనే పండితులు, మంత్రులు కూర్చున్నారు. స్త్రీలు కూడా పురుషులతో సమానంగా మాట్లాడారు. అక్క మహాదేవి వంటి విరాగిణి ఆ సభలో నిలిచి ప్రశ్నలకు సమాధానమిచ్చింది. సొన్నలిగెలో, అనగా నేటి సోలాపూర్‌లో, చెరువులు తవ్వించి ఆలయాలు కట్టించిన సిద్ధరాముడూ అక్కడికే వచ్చి చేరాడు.

అంతటి సభను నిర్మించిన బసవేశ్వరులు అధ్యక్షపీఠం మీద తాము కూర్చోలేదు. అల్లమప్రభువును ఆ శూన్యసింహాసనంపై కూర్చుండబెట్టారు. తాము శరణుల సేవకునిగా మిగిలిపోయారు. రాజ్యంలో అంత పెద్ద అధికారి, భక్తుల మధ్య తనకంటె చిన్నవాడు లేడని భావించేవారు. పదిమందిని నడిపించేవానికి ముందు నడవడం ఎంత ముఖ్యమో, కూర్చునే వేళ వెనుక కూర్చోవడం అంతే ముఖ్యమని ఆయన చేసి చూపించారు.

కాయకము – దాసోహము

బసవేశ్వరులూ, ఆయన సహచరులైన శరణులూ లోకానికి అందించిన రెండు మాటలు ఉన్నాయి. మొదటిది కాయకం. కాయమంటే శరీరం. శరీరాన్ని కష్టపెట్టి నిజాయితీగా చేసే ప్రతి పనీ పూజయే. అందులో ఎక్కువ పని, తక్కువ పని అనే భేదం లేదు. రెండవది దాసోహం. నేను దాసుడను అనే భావంతో, కష్టార్జితంలో తన అవసరానికి మించినదాన్ని సమాజానికి సమర్పించడం. ఇచ్చేవాడు యజమాని కాడు, దాసుడు మాత్రమే. పుచ్చుకొనేవాడు యాచకుడు కాడు, దైవస్వరూపం.

ఈ రెండింటికీ అర్థం తెలియాలంటే ఐదక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ వినాలి. మారయ్య నిరుపేద. బసవేశ్వరుల ముంగిట రాలిపడిన బియ్యపు గింజలను ఏరుకొని తెచ్చేవాడు. వాటితోనే భార్య వండి జంగమదేవరలకు పెట్టేది. ఒకనాడు అతడు ప్రతి దినం కంటె ఎక్కువ బియ్యం తెచ్చాడు. వారి పేదరికానికి జాలిపడి బసవేశ్వరులే కావాలని ఎక్కువ గింజలు చల్లించారని ఒక కథనం. లక్కమ్మ ఆ బియ్యం చూచి సంతోషించలేదు. నేటికి కావలసినదానికి మించి తేవడం భక్తి కాదు, ఆశ అని భర్తను మందలించింది. ఎక్కువైన బియ్యాన్ని తెచ్చినచోటనే పోసి రమ్మని వెనక్కు పంపింది.

ఆ ముంగిటికి తిరిగివచ్చిన బియ్యంలో ఎంత గొప్ప విషయం ఉన్నదో చూడండి. రాజ్య భాండారానికి అధిపతి అయిన గురువుకు, గింజలు ఏరుకొనే ఇల్లాలు పాఠం నేర్పింది. ఆయన బోధించిన దానిని ఆయనకంటె గట్టిగా పట్టుకొని నిలబడింది. నిజమైన నాయకుని గుర్తు ఇదే. తన మాట వినేవారిని తయారుచేసేవాడు సామాన్య నాయకుడు. తన తప్పును కూడా సరిదిద్దగలవారిని తయారుచేసేవాడు మహానాయకుడు.

ఒక వివాహం – ఒక అగ్నిపరీక్ష

అయితే మంచి దారి ఎప్పుడూ పూలబాట కాదు. శరణులైన వారిలో ఒకరు చర్మకార కులంలో పుట్టిన హరళయ్య, మరొకరు బ్రాహ్మణ కులంలో పుట్టిన మధువరసు. లింగధారణ జరిగిన పిమ్మట ఇద్దరిదీ ఒకే కులం, శివకులం. మధువరసు కుమార్తెకు, హరళయ్య కుమారునికి వివాహం నిశ్చయమైంది. సభలో పక్కపక్కన కూర్చోవడం వేరు, పిల్లనిచ్చి వియ్యమందడం వేరు. బోధించిన మాట నిజమా కాదా అని తేల్చే ఘడియ వచ్చింది.

బసవేశ్వరులు రాజసేవలో ఉన్నవారు. దీని పరిణామం ఎలా ఉంటుందో ఊహించలేనివారు కాదు. కొంతకాలం ఆగమని చెప్పి ఉంటే ఆయన పదవి, ప్రాణం, కళ్యాణంలో శాంతి అన్నీ నిలిచేవి. కాని ఆనాడు వెనుకాడి ఉంటే అంతవరకు చెప్పినదంతా ఒట్టిమాటగా మిగిలేది. ఆయన ఆ వివాహాన్ని ఆశీర్వదించారు.

సనాతనులు భగ్గుమన్నారు. బిజ్జలుడు ఆ ఇద్దరు తండ్రులను క్రూరంగా శిక్షించాడు. వారి కన్నులు తీయించాడని బసవపురాణం చెబుతున్నది. ఏనుగు కాళ్ళకు కట్టి ఈడ్పించాడని మరికొన్ని కథనాలు చెబుతున్నాయి. తన మాటను నమ్మి నడిచినవారు తన కన్నుల ముందే బలి కావడం కంటె నాయకునికి వేరే నరకం లేదు. బసవేశ్వరులు కళ్యాణాన్ని విడిచి కూడలసంగమానికి చేరుకున్నారు. పట్టణంలో అల్లకల్లోలం చెలరేగింది. 1167–68 ప్రాంతంలో బిజ్జలుడు హత్యకు గురయ్యాడు. బిజ్జలుణ్ణి చంపినది జగదేవుడనే శివభక్తుడని బసవపురాణ కథ. ఆ హత్య విషయంలో చరిత్రకారులలో భిన్నాభిప్రాయాలున్నాయి. దయనే ధర్మానికి మూలమని చెప్పిన గురువు ఇటువంటి ముగింపును కోరి ఉండరని మాత్రం ఆయన వచనాలు చదివినవారు గ్రహించగలరు. ఇంచుమించు అదే కాలంలో బసవేశ్వరులు తాము బాల్యంలో పూలు కోసిన సంగమేశ్వరుని సన్నిధిలోనే లింగైక్యం పొందారు.

ఆరని దీపం

పైకి చూస్తే అంతా ముగిసినట్లే కనిపించింది. అనుభవ మంటపం చెదిరిపోయింది. శరణులు దిక్కులకొకరుగా వెళ్ళిపోయారు. నాగలాంబిక కుమారుడైన చెన్నబసవన్న వెంట కొందరు దూరాన ఉన్న ఉళవి అడవులకు చేరారు. వెళ్తూ వెళ్తూ వారు తమ వెంట వచనాల తాళపత్రాలను కాపాడుకొని తీసుకొనిపోయారు.

ఆ దీపాన్ని తెలుగు నేల కూడా తన చేతులడ్డం పెట్టి కాపాడింది. పదమూడవ శతాబ్దంలో పాల్కురికి సోమనాథ మహాకవి బసవపురాణాన్ని సామాన్యులు పాడుకొనే ద్విపద ఛందస్సులో, జాను తెలుగులో రచించాడు. సంస్కృతం రాని రైతులకు, చేతివృత్తులవారికి కూడా బసవన్న కథ అందాలన్నదే ఆ కవి ఆశయం. భీమకవి 1369లో ఆ తెలుగు పురాణాన్ని ఆధారం చేసుకొని కన్నడంలో బసవపురాణం వ్రాశాడు. కన్నడ నేలపై పుట్టిన మహనీయుని కథ తెలుగు గుండా ప్రయాణించి మళ్ళీ కన్నడానికి చేరిందన్నమాట. మన వంటి సరిహద్దు సీమ ప్రజలకు ఇది ఎంతో గర్వకారణం.

రాతిపై కూడా ఆయన పేరు నిలిచింది. 1260 నాటి అర్జునవాడ శాసనం ఆయనను ప్రస్తావించింది. ఆధునిక కాలంలో ఫకీరప్ప గురుబసప్ప హళకట్టి (1880–1964) ఊరూరా తిరిగి తాళపత్రాలు సేకరించి, 1923లో వచనశాస్త్రసారాన్ని వెలువరించారు. వృత్తిరీత్యా న్యాయవాది అయిన ఆయన ఆ పనికే తన జీవితాన్ని అంకితం చేశారు. ఒకరి లక్ష్యం మరొకరికి లక్ష్యాన్ని చూపించడమంటే ఇదే. ఎనిమిది శతాబ్దాలు గడచినా బసవేశ్వరులు నేటికీ మనుషులను నడిపిస్తూనే ఉన్నారు. 2024లో కర్ణాటక ప్రభుత్వం ఆయనను తమ సాంస్కృతిక నాయకునిగా ప్రకటించింది. ప్రతి ఏటా అక్షయ తృతీయనాడు మన ప్రాంతంలో బసవ జయంతి జరుపుకుంటూనే ఉన్నాము.

కలశం ఎక్కిన తరువాత

ఇప్పుడు మొదటి సందేహానికి వద్దాం. దేహమే దేవాలయమన్న బసవేశ్వరులకు, ఈ ప్రతిష్ఠా మహోత్సవానికి సంబంధమేమిటి?

ఆయన బాల్యం ఆలయంలోనే పండింది. ఆయన చివరి శ్వాస ఆలయ సన్నిధిలోనే విడిచారు. తాము కొలిచిన సంగమేశ్వరుని పేరును జీవితాంతం నాలుకపై నిలుపుకున్నారు. ఆలయం అంటే ఆయనకు ద్వేషం లేదు. అయితే ఆనాడు గుడి కట్టించగల ధనం లేనివారు ఉన్నారు, గుడిలోకి అడుగుపెట్టే అధికారం లేనివారు ఉన్నారు. వారికి దేవుడు దూరం కాకూడదని ఇష్టలింగాన్ని వారి అరచేతిలోనే ఉంచారు. రాతితో కట్టినది ఏనాటికైనా శిథిలమై జీర్ణోద్ధరణ కోరుతుంది. అది మనమందరం కన్నులారా చూచినదే కదా! నడిచే ఆలయమైన మనిషికి కూడా అదే విధంగా జీర్ణోద్ధరణ అవసరమని ఆయన చెప్పారు.

కనుక దాతలారా, భక్తులారా! కలశం ఎక్కింది, యాగశాలలో హోమాలు జరుగుతున్నాయి. ఇకపై మనం చేయవలసిన ప్రతిష్ఠ మరొకటి ఉన్నది. ఈ గుడికి లక్షలు సమర్పించినవారి పేర్లు శిలాఫలకంపై చెక్కుకుందాం, అది న్యాయమే. దానితోపాటు ఇసుక మోసిన తల్లిని, రాయి చెక్కిన శిల్పిని, ఎండలో గోడ కట్టిన మేస్త్రీని కూడా తొలి వరుసలో నిలబెట్టి తీర్థప్రసాదాలు అందిద్దాం. వారిది కాయకం, మనది దాసోహం. ఆ రెండూ కలిస్తేనే ఈ గోపురం లేచింది. అన్నదానం పంక్తిలో ముందు, వెనుక అనే భేదం లేకుండా చూద్దాం. ఆలయ ఆదాయ వ్యయాలను బసవేశ్వరులు భాండారం తెరచి చూపినట్లు ఊరందరి ఎదుట ఉంచుదాం. మనలో ఎవరైనా పొరపాటు చేస్తే, లక్కమ్మ వలె నిర్భయంగా చెప్పగల స్వేచ్ఛ ఊరిలోని కడపటి ఇల్లాలికి కూడా ఉండాలి.

ఇక మిగిలినది మీ మీ జీవితాల మాట. నా జన్మ దేనికోసమని అడగడానికి అడవులకు, హిమాలయాలకు వెళ్ళనక్కరలేదు. మీరు పత్తిచేను దున్నేవారైనా, బడిలో పాఠం చెప్పేవారైనా, దుకాణం నడిపేవారైనా, పట్నంలో ఉద్యోగం చేసేవారైనా, ఆ పని ముందే కూర్చొని ఆ ప్రశ్న అడగండి. ఈ పనిలో నిజాయితీ ఉన్నదా? దీని ఫలం నా ఇంటి గడప దాటి మరొకరికి చేరుతున్నదా? ఆ రెంటికీ అవునని సమాధానం వచ్చిననాడు మీకు దారి దొరికినట్లే. దారి దొరికినవాని వెంట మరో నలుగురు నడుస్తారు. పిలవనక్కర కూడా ఉండదు.

కూడలసంగమంలో పూలు కోసిన ఒక బాలుడు, తనకు దొరికిన దారిని నలుగురికీ పంచి లోకవంద్యుడయ్యాడు. ఆ మహనీయుని అనుగ్రహం, మన ఆలయ దైవం కరుణాకటాక్షాలు మనూర్ గ్రామంపైన, చుట్టుపక్కల గ్రామాలపైన, ఈ మహత్కార్యంలో పాలుపంచుకున్న ప్రతి దాతపైన, ప్రతి శ్రామికునిపైన సదా ప్రసరించుగాక!

శుభం భూయాత్.